మన కడుపులో ఒక జల్లెడ

జ్వరాలతో చిక్కి, పొట్ట మాత్రం ముందుకు వచ్చిన పిల్లవాణ్ణి చూసి మన పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు "వీడికి కడుపులో బల్ల పెరిగింది" అనేవారు. ఇప్పటికీ అక్కడక్కడ ఆ మాట వినబడుతూనే వుంది. ఎడమ డొక్క కింద చెయ్యి పెడితే చెక్కముక్కలాగా గట్టిగా తగులుతుంది గనక ఆ పేరు పెట్టారు కాబోలు. ఆయుర్వేదంలో ఈ జబ్బుకే ప్లీహోదరం అని పేరు. బల్ల అన్నా, ప్లీహం అన్నా, డాక్టర్లు స్ప్లీన్ అన్నా అవయవం ఒక్కటే. గుండె యేం చేస్తుందో, మూత్రపిండాలు యేం చేస్తాయో కొద్దో గొప్పో అందరికీ తెలుసు. ప్లీహం యేం చేస్తుందని అడిగితే మాత్రం బాగా చదువుకున్నవాళ్ళు కూడా తడుముకుంటారు.

నేను రక్తపరీక్షలు చేసే వైద్యురాలిని. ముప్పై యేళ్ళుగా మైక్రోస్కోపు ముందు కూర్చోవటమే నా ఉద్యోగం. ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి చూస్తే, ఆ మనిషి పేరూ వూరూ తెలియకపోయినా, అతని కడుపులో ప్లీహం పనిచేస్తున్నదో లేదో చాలావరకు చెప్పగలను. ఇందులో మంత్రమూ లేదు, జ్యోతిషమూ లేదు. బియ్యం చూడగానే జల్లించినవో కానివో ఇల్లాలు చెప్పదూ? ఇదీ అంతే. ప్లీహం రక్తానికి జల్లెడ. ఆ జల్లెడ యెలా పనిచేస్తుందో, అది చేసే మేలు ఒక్కొక్కప్పుడు కీడుగా యెలా మారుతుందో, దాన్ని గురించి ఇంట్లో తల్లిదండ్రులు యెందుకు తెలుసుకోవాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

ఎక్కడ వుంది, ఎంత వుంది?

ప్లీహం ఎడమవైపు, జీర్ణకోశానికి వెనకగా, తొమ్మిది నుంచి పదకొండో పక్కటెముకల చాటున దాగి వుంటుంది. పెద్దవాళ్ళలో దాని బరువు సుమారు 150 గ్రాములు. పొడవు 11, 12 సెంటీమీటర్లు. అంటే మన పిడికిలంత వుంటుంది. రంగు ముదురు ఊదా. ఆరోగ్యంగా వున్న పెద్దవాళ్ళలో అది మామూలుగా చేతికి తగలదు. ఇంచుమించు రెట్టింపో అంతకు మించో పెరిగితేనే పక్కటెముకల కిందనుంచి బయటికి వచ్చి చేతికి అందుతుంది.

ఇంత చిన్న అవయవానికి గుండె తాను పంపే రక్తంలో నూటికి అయిదు పాళ్ళు కేటాయించింది. ఆ లెక్కన ఒంట్లోని ప్రతి ఎర్రకణమూ సగటున ఇరవై నిమిషాలకు ఒకసారి ప్లీహం గడప తొక్కుతుంది. అన్నం తింటున్నా, నిద్రపోతున్నా, ఈ వ్యాసం చదువుతున్నా మీ రక్తం వెళ్ళి ఆ జల్లెడలో పడుతూనే వుంటుంది.

సగం నింపిన సంచి

జల్లెడ సంగతి తెలియాలంటే ముందు దానిలో పడే గింజ సంగతి తెలియాలి. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో సుమారు 50 లక్షల ఎర్రకణాలు వుంటాయి. ఒంట్లో మొత్తం చూస్తే అవి 25 లక్షల కోట్ల వరకు వుంటాయి. ఒక్కొక్క దాని అడ్డుకొలత ఏడెనిమిది మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఎర్రకణం బంతిలాగా గుండ్రంగా వుండదు. రెండువైపులా నడిమిన నొక్కిన అరిశెలాగా, అంచు మందంగా, మధ్య పలచగా వుంటుంది.

ఆ నొక్కు ఊరికే లేదు. ఎర్రకణంలో పట్టే సరుకు సుమారు 90 ఘన మైక్రాన్లు. అంత సరుకును బంతిలాగా చుట్టటానికి 97 చదరపు మైక్రాన్ల గుడ్డ చాలు. కాని ప్రకృతి దానికి సుమారు 140 చదరపు మైక్రాన్ల పొర ఇచ్చింది. అంటే నూటికి నలభై పాళ్ళకు పైగా వదులు వుందన్నమాట. సగం బియ్యం నింపిన గోనెసంచిని ఎలా కావాలంటే అలా వంచవచ్చు. కిటికీ చువ్వల సందులోంచి కూడా మెల్లగా అవతలికి లాగవచ్చు. అదే సంచిని మూతిదాకా కూరి కుట్టేశామనుకోండి, ఎంత లాగినా రాదు. ఎర్రకణం బ్రతుకంతా ఆ వదులులోనే వుంది. వంగగలిగినంతకాలం అది బ్రతుకుతుంది.

ఎర్రకణానికి కేంద్రకం లేదు. పుట్టిన కొత్తలోనే దాన్ని విసర్జించి బయటికి వస్తుంది. అంచేత తన పొర చిరిగితే కుట్టుకోలేదు, లోపలి సరుకు పాడైతే కొత్తది చేసుకోలేదు. తెచ్చుకున్న సామానుతోనే సుమారు 120 రోజులు గడపాలి. వయసు మీరేకొద్దీ పొర అంచులు కొద్దికొద్దిగా రాలిపోతాయి, లోపలి నీరు తగ్గి సరుకు చిక్కబడుతుంది, కణం బిరుసెక్కుతుంది. ఇలా ముసలిదైన కణాన్ని సకాలంలో రక్తంలోంచి తీసెయ్యాలి. ఆ పనిలో కాలేయానికీ ఎముకల్లోని మూలుగకూ కూడా వంతు వుంది గాని, కణాన్ని వంచి చూసి పరీక్షించే ఏర్పాటు ప్లీహంలోనే వుంది.

ఆ పరీక్ష ఎలా జరుగుతుంది?

ప్లీహంలోకి వచ్చిన రక్తంలో చాలా భాగం దగ్గరదారిన పడి త్వరగానే బయటికి వెళ్ళిపోతుంది. కొంత భాగం మాత్రం గొట్టం వదిలి, మెత్తటి స్పంజిలాంటి కండలోకి ఒలుకుతుంది. ఒంట్లో మిగతా చోట్ల రక్తం నాళం వదిలి బయటికి పోతే దెబ్బ తగిలిందని లెక్క. ఇక్కడ మాత్రం అదే కట్టడి. ఆ స్పంజి సందుగొందుల్లో మెల్లమెల్లగా నడిచి, మళ్ళీ నాళంలోకి చేరాలంటే ఎర్రకణానికి ఒకటే దారి వుంది. నాళం గోడ పీపా బద్దలలాగా పక్కపక్కన నిలబెట్టిన పొడుగాటి కణాలతో కట్టివుంటుంది. ఆ బద్దల మధ్య సందులోంచి దూరాలి. సందు వెడల్పు ఇంచుమించు ఒక మైక్రాన్. దూరవలసిన కణం ఏడెనిమిది మైక్రాన్లు!

వదులున్న కణం సాగి, సన్నబడి, పామువలె అవతలికి జారుతుంది. జారి, మళ్ళీ ఎప్పటి అరిశె ఆకారానికి వస్తుంది. బిరుసెక్కినదీ, బంతిలాగా గుండ్రబడినదీ ఇవతలే చిక్కుబడుతుంది. ఆ సందుల దగ్గరే పెద్ద పెద్ద భక్షక కణాలు కాచుకుని వుంటాయి. చిక్కినదాన్ని అవి మింగేస్తాయి.

మింగటంతో కథ అయిపోదు. కణంలోని ఇనుమును విడదీసి మళ్ళీ మూలుగకు పంపుతాయి. రోజుకు ఇలా తిరిగి వాడకంలోకి వచ్చే ఇనుము 20 నుంచి 25 మిల్లీగ్రాములు. మనం తిన్న తిండిలోంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. పాతబట్టలు విప్పి కొత్తవి కుట్టుకునే సంసారం మన ఒంట్లోనే వుందని ఇది చూస్తే తెలుస్తుంది. మిగిలిన రంగుపదార్థం పసుపుపచ్చగా మారి, కాలేయం మీదుగా పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది.

చింతపండు పిక్కలు తీసినట్టు

జల్లెడ అన్నాను గాని, ప్లీహం పనితనం జల్లెడను మించినది. కణం మొత్తంమీద బాగానే వుండి, లోపల ఒక చిన్న పలుకు మాత్రం మిగిలిపోయిందనుకోండి. కేంద్రకం విసర్జించినప్పుడు దాని తునక ఒకటి వుండిపోవచ్చు. సందులోంచి దూరేటప్పుడు మెత్తని కణం అవతలికి సాగుతుంది. గట్టి పలుకు ఇవతలే ఆగుతుంది. పలుకు తెగి ఇక్కడ పడిపోతుంది, కణం శుభ్రపడి ప్రయాణం సాగిస్తుంది. అమెరికా వైద్యుడు విలియం క్రాస్బీ 1957లో ఈ పనికి పండులోంచి గింజ తీయటం అనే అర్థం వచ్చే పేరు వాడాడు. మన వంటింటి భాషలో చింతపండు పిక్కలు తీయటం అంటే సరిగ్గా సరిపోతుంది.

నేను మొదట చెప్పిన సోదె రహస్యం ఇదే. ఆ పలుకులకు వాటిని వర్ణించిన ఇద్దరు శాస్త్రజ్ఞుల పేరున హొవెల్-జాలీ కణికలని పేరు. ప్లీహం వున్నవాళ్ళ రక్తంలో అవి సాధారణంగా కనిపించవు. లేనివాళ్ళ రక్తంలో అక్కడొకటి అక్కడొకటి గుండ్రటి ముదురు చుక్కలు కనబడతాయి. ఒకసారి నలభై యేళ్ళ మనిషి ఏదో జ్వరానికి రక్తం ఇచ్చి వెళ్ళాడు. గాజుపలక మీద ఈ చుక్కలు చూసి, అతన్ని పిలిపించి, "మీకు ఎప్పుడైనా కడుపు ఆపరేషను అయిందా?" అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. కాలేజీలో చదివే రోజుల్లో స్కూటరు మీదనుంచి పడి లోపల ఏదో చితికితే తీసేశారట. ఏం తీశారో ఆయనకు తెలియదు. వాళ్ళావిడకు అసలు ఆపరేషను సంగతే తెలియదు. ఆ తెలియకపోవటం ఎంత ప్రమాదమో ముందు చెబుతాను.

గుండ్రటి కణాల కుటుంబం

ప్లీహం తీర్పు న్యాయమైనదే. కాని ఇంటిల్లిపాదీ కణాలు పుట్టుకతోనే గుండ్రంగా వుంటే?

అలాంటి కుటుంబాలున్నాయి. కణం పొరను లోపలినుంచి పట్టి వుంచే వలలాంటి అల్లికలో లోపం వుంటే పొర తునకలు తునకలుగా రాలిపోతుంది. వదులు తగ్గి కణం బంతి అవుతుంది. 1871లో బెల్జియం వైద్యులు వాన్లేర్, మాసియస్ ఇలాంటి చిన్న గుండ్రటి కణాల రోగిని వర్ణించారు. చాలా కుటుంబాల్లో తల్లికిగాని తండ్రికిగాని ఈ లోపం వుంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. కళ్ళు వుండీ వుండీ పచ్చబడటం, నీరసం, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్ళు, ఎడమ డొక్కలో బరువు, ఇవీ లక్షణాలు. నాకు తెలిసిన ఒక బడిపంతులుగారింట్లో తండ్రికీ, కూతురికీ, మేనత్తకూ కళ్ళు పచ్చగా వుండేవి. "మా వంశంలో అందరి కళ్ళూ ఇంతే" అని సరిపెట్టుకున్నారు. పసరు మందులు తాగారు, పథ్యాలు చేశారు. పదిహేనేళ్ళ కూతురికి పిత్తాశయంలో రాళ్ళు కనబడ్డాకగాని రక్తం నా దగ్గరికి రాలేదు. గాజుపలక నిండా నొక్కులేని, గోళీల్లాంటి ఎర్రకణాలు!

ఈ జబ్బు చరిత్రలో ఒక విచిత్రమైన సంగతి వుంది. 1887లో ఇంగ్లండులో స్పెన్సర్ వెల్స్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు, తరచు కామెర్లతో బాధపడే ఒక యువతికి పెరిగిపోయిన ప్లీహాన్ని తీసేశాడు. ఆమె కామెర్లు పోయాయి. ఎందుకు పోయాయో అప్పుడు ఎవరికీ స్పష్టంగా తెలియదు. సుమారు నలభై యేళ్ళ తర్వాత లార్డ్ డాసన్ అనే వైద్యుడు ఆమె రక్తాన్ని పరీక్షించాడు. ఎర్రకణాలను పలచటి ఉప్పునీటిలో వేస్తే నీరు పీల్చి ఉబ్బుతాయి. వదులున్న కణం కొంతసేపు తట్టుకుంటుంది. గుండ్రటి కణానికి ఉబ్బటానికి చోటు లేదు గనక తొందరగా పగిలిపోతుంది. ఆమె కణాలు అలా తొందరగానే పగిలాయి. అంటే కణాల లోపం నలభై యేళ్ళుగా అలాగే వుంది. వాటిని పట్టి మింగే ప్లీహం లేకపోవటంవల్ల ఆమె సుఖంగా బ్రతికింది.

అయితే ప్లీహాన్ని తీసేస్తే సరిపోతుంది గదా అనిపిస్తుంది. చాలాకాలం వైద్యులూ అలాగే అనుకున్నారు. 1952లో అమెరికాలో కింగ్, షుమాకర్ అనే ఇద్దరు వైద్యులు, ఇదే జబ్బుకు పసితనంలోనే ప్లీహం తీయించుకున్న అయిదుగురు శిశువులకు ఆ తర్వాత తీవ్రమైన సూక్ష్మజీవుల జబ్బులు వచ్చాయని ప్రకటించారు. వైద్యలోకం ఉలిక్కిపడింది. జల్లెడలో పడేవి ముసలి ఎర్రకణాలు మాత్రమే కాదు. న్యుమోనియా తెచ్చే కొన్ని రకాల సూక్ష్మజీవులు జారుడు తొడుగు కప్పుకుని రక్తంలో తిరుగుతాయి. వాటిని పట్టటంలో, వాటికి విరుగుడు తయారుచెయ్యటంలో ప్లీహం ముందుంటుంది. ప్లీహం లేనివాళ్ళకు ఉదయం మామూలు జ్వరంగా మొదలైనది సాయంత్రానికి ప్రాణం మీదికి రావచ్చు. స్కూటరు మనిషిని నేను కంగారుగా పిలిపించింది అందుకే. ఆయన జ్వరం అదృష్టవశాత్తు మామూలుదే. తర్వాత టీకాలు వేయించుకుని, "నాకు ప్లీహం లేదు" అని రాసిన చీటీ పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు.

అంచేత ఇప్పుడు గుండ్రటి కణాల జబ్బు స్వల్పంగా వుంటే ప్లీహం జోలికి పోరు. తీయక తప్పకపోతే వీలైనంతవరకు ఆరేళ్ళు దాటేదాకా ఆగుతారు. ముందుగా టీకాలు వేస్తారు. కొన్నిచోట్ల కొంత భాగం మిగిల్చి తీస్తారు. పంతులుగారి అమ్మాయికి పిత్తాశయంలోని రాళ్ళకు మాత్రం వైద్యం చేసి, ప్లీహాన్ని వుంచేశారు. ఆమె ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నది.

కొడవళ్ళు అడ్డుపడితే

ఇహ బిరుసెక్కిన కణాల సంగతి. 1904లో చికాగోలో గ్రెనడా ద్వీపం నుంచి వచ్చిన దంతవైద్య విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారంలో వంకర తిరిగిన ఎర్రకణాలు కనిపించాయి. 1910లో డాక్టర్ జేమ్స్ హెరిక్ ఆ సంగతి ప్రకటించాడు. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు ఈ లోపం హీమోగ్లోబిన్ అణువులోనే వున్నదని చూపారు. తర్వాత కొద్ది యేళ్ళకే వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ అణువులో మారినది ఒకే ఒక్క ఇటుక అని తేల్చాడు. ఆ ఒక్క ఇటుక మారటంవల్ల, ప్రాణవాయువు తగ్గినచోట హీమోగ్లోబిన్ పుల్లల్లాగా పేరుకుంటుంది. మెత్తని సంచిలో వెదురుబద్దలు కూరినట్టు కణం బిరుసెక్కుతుంది.

ఇది ఎక్కడో పరాయిదేశపు జబ్బనుకోకండి. మనదేశంలో 1952లోనే నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని గుర్తించారు. మన విశాఖ మన్యంలోనూ, ఆదిలాబాదు అడవుల్లోనూ గిరిజన కుటుంబాల్లో ఇది వుంది. దీనికొక కారణం చెబుతారు. తల్లిదండ్రుల్లో ఒక్కరినుంచే ఈ లోపం వచ్చిన బిడ్డకు జబ్బు వుండదు. పైగా ప్రాణాంతకమైన మలేరియానుంచి కొంత రక్షణ వుంటుంది. ఈ సంగతి 1954లో ఆంథొనీ అల్లిసన్ ఆఫ్రికాలో చేసిన పరిశోధనల్లో బయటపడింది. అంచేత తరతరాల మలేరియా ప్రాంతాల్లో ఈ లోపం నిలిచిపోయింది. ఇద్దరినుంచీ వచ్చిన బిడ్డ మాత్రం రోగి అవుతాడు.

ఈ బిడ్డ ప్లీహం పరిస్థితి ఊహించండి. ఒక మైక్రాన్ సందు దగ్గరికి వంగని కొడవళ్ళు వేలకువేలు వస్తాయి. జల్లెడ పూడుకుపోతుంది. మొదట ప్లీహం పెరుగుతుంది. ఒక్కొక్కప్పుడు, ముఖ్యంగా ఆరునెలలనుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో, కొద్దిగంటల్లోనే ఒంటిలోని రక్తం బోలెడంత వెళ్ళి ప్లీహంలో చిక్కుకుపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, పెదవులు తెల్లబడతాయి, బిడ్డ సొమ్మసిల్లుతుంది. వెంటనే రక్తం ఎక్కిస్తే బ్రతుకుతుంది. ఆలస్యమైతే బ్రతకదు. ఈ గండాలు దాటిన చాలామందిలో, దెబ్బ మీద దెబ్బ తిని ప్లీహం క్రమంగా ఎండి, ముడుచుకుపోతుంది. మనదేశపు రోగుల్లో చాలామందికి అది అంత త్వరగా ఎండదు. పెద్దయ్యాక కూడా పెరిగి వుండటం తరచు చూస్తాం. పెరిగి వున్నంత మాత్రాన కాపలా సరిగా కాస్తున్నదని అనుకోవటానికి మాత్రం లేదు.

ఒక రాత్రి మా పరీక్షశాలకు మూడేళ్ళ పిల్లవాడి రక్తం వచ్చింది. మన్యం నుంచి తెచ్చారు. హీమోగ్లోబిన్ మూడు గ్రాములు. నేను పరుగున వార్డుకు వెళ్ళేసరికి రక్తం సీసా సిద్ధం చేస్తున్నారు గాని, అప్పటికే సమయం మించిపోయింది. తల్లి ఏడవలేదు. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అన్నది: "పొద్దుననే చెప్పానమ్మా, ఎడమపక్క గట్టిపడింది, నిన్న లేదు అని." దారిలో ఒక ఆసుపత్రిలో చూపించిందట. అజీర్తి అని మందునీళ్ళు ఇచ్చి పంపారట. ఆ తల్లికి చదువు లేదు. ప్లీహం అనే పేరు ఆమె విని వుండదు. కాని బిడ్డ పొట్ట నిన్నటికీ ఇవాళకీ ఎలా మారిందో ఆమె చేతికి తెలిసింది. చేతికి తెలిసిన సంగతిని వినేవాళ్ళు లేకపోయారు.

జమైకా తల్లులు

విన్నచోట ఏం జరిగిందో చెబుతాను. జమైకా ద్వీపంలో కింగ్‌స్టన్ నగరంలో 1973 నుంచి 1981 దాకా ఒక ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన లక్షమంది శిశువులకు రక్తపరీక్ష చేసి, ఈ జబ్బు వున్నవాళ్ళను పుట్టినప్పుడే గుర్తించారు. డాక్టర్ గ్రాహం సర్జంట్ బృందం ఆ పిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. ప్లీహంలో రక్తం చిక్కుకుపోయే దాడులే పసివాళ్ళ చావులకు ఒక ముఖ్యకారణమని తేలింది. దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయానికి యంత్రమూ అక్కరలేదు, ఖర్చూ లేదు. తల్లులకు రోజూ బిడ్డ ఎడమ డొక్క కింద తడిమి చూడటం నేర్పారు. పెరిగిందని తోస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. వస్తే నమ్మి చేర్చుకున్నారు.

1985లో ఫలితం ప్రకటించారు. నేర్పకముందు నూరు దాడుల్లో సుమారు 29 సార్లు బిడ్డ చనిపోయేది. నేర్పిన తర్వాత అది మూడుకు తగ్గింది. మరుసటి యేడు, 1986లో, అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, ఈ జబ్బున్న చిన్నపిల్లలకు రోజూ రెండుపూటలా పెనిసిలిన్ మాత్ర ఇస్తే న్యుమోనియా సూక్ష్మజీవుల దాడులు నూటికి 84 పాళ్ళు తగ్గుతాయని తేలింది. ఫలితం ఎంత స్పష్టంగా వుందంటే, పరీక్షను అనుకున్న గడువుకంటే ముందే ఆపి అందరికీ మందు ఇచ్చారు. పెద్ద యంత్రాలు కావాలి, విదేశాలకు పోవాలి అని మనం అనుకునే చోట, తల్లి చెయ్యీ చవక మాత్రా ఇంత పని చేశాయి.

మనదేశంలో 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. 40 యేళ్ళలోపు ఏడుకోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని సంకల్పం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో వున్నాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు ఈ రోగుల నొప్పులను, దాడులను తగ్గిస్తున్నది. పరీక్ష చేసి చేతికి కార్డు ఇవ్వటంతోపాటు తల్లి చేతికి ఆ చిన్న విద్య కూడా నేర్పితే ఎంత బాగుంటుందో!

మలేరియాతో పాత పరిచయం

మొదట చెప్పిన బల్లకు మళ్ళీ వద్దాం. మలేరియా క్రిమి ఎర్రకణంలో దూరి కాపురం పెడితే కణం బిరుసెక్కుతుంది. బిరుసెక్కినదాన్ని ప్లీహం పట్టుకుంటుంది. మళ్ళీ మళ్ళీ జ్వరాలు వస్తే పని పెరిగి ప్లీహమూ పెరుగుతుంది. 1840లలో ఉత్తరదేశపు కాలువల వెంట డెంప్‌స్టర్ అనే వైద్యుడు వూరూరా తిరిగి, ఎందరికి ప్లీహం చేతికి తగులుతున్నదో లెక్కకట్టి, ఏ వూళ్ళో మలేరియా ఎంత వుందో అంచనా వేశాడు. మలేరియా దోమవల్ల వస్తుందని అప్పటికి తెలియదు. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. కారణం తెలియడానికి అరశతాబ్దం ముందే బల్ల సాక్ష్యం చెప్పింది.

ఇప్పుడు మలేరియాకు వాడే ఆర్టిసునేట్ మందు పనిచేసే తీరులో కూడా ప్లీహానికి పాత్ర వుంది. మందు క్రిమిని చంపుతుంది. చచ్చిన క్రిమిని ప్లీహం కణంలోంచి పిక్క తీసినట్టు తీసి, ఖాళీ అయిన కణాన్ని తిరిగి రక్తంలోకి వదులుతుంది.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

ఇదంతా చదివి ఎవరూ హడలిపోనక్కరలేదు. సన్నగా వున్న పసిపిల్లల్లో ప్లీహం అంచు కొద్దిగా తగలటం జబ్బు కాకపోవచ్చు. టైఫాయిడులాంటి ఎన్నో జ్వరాల్లో అది పెరిగి మళ్ళీ సర్దుకుంటుంది. కాని కొన్ని మాటలు మనసులో వుంచుకోవటం మంచిది.

ఇంట్లో ఒకరికి మించి తరచు కళ్ళు పచ్చబడుతుంటే "వంశంలోనే వుంది" అని సరిపెట్టుకోకండి. వంశంలో వుండటమే పరీక్ష చేయించవలసిన కారణం. పసివాళ్ళకు కామెర్లు, రక్తం తగ్గటం, ఎడమ డొక్కలో గట్టితనం, ఈ మూడింటిలో రెండు కలిసినా రక్తపు గాజుపలక చూపించాలి. సికిల్ సెల్ వున్న ప్రాంతాలవాళ్ళూ, వంశాలవాళ్ళూ పెళ్ళికిముందే పరీక్ష చేయించుకుంటే తర్వాత ఏడవనక్కరలేదు.

ఆపరేషనులో ప్లీహం తీసేసినవాళ్ళు ఆ కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. భార్యకో భర్తకో పిల్లలకో తెలిసి వుండాలి. న్యుమోనియా, మెదడువాపు సూక్ష్మజీవులకు టీకాలు వేయించుకోవాలి. వాళ్ళకు చలిజ్వరం వస్తే తెల్లవారేదాకా చూద్దాం అనకూడదు. ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళగానే "నాకు ప్లీహం లేదు" అనే మాట ముందు చెప్పాలి.

సికిల్ సెల్ వున్న బిడ్డ తల్లి అయితే, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు దగ్గరనుంచి ఎడమ పక్కటెముకల వైపు వేళ్ళతో మెల్లగా, నొక్కి బాధపెట్టకుండా తడిమి చూడటం డాక్టరుచేతనో నర్సుచేతనో నేర్పించుకోవాలి. బిడ్డ బాగా వున్నప్పుడు ఎలా తగులుతున్నదో తెలిస్తేనే బాగాలేనప్పుడు తేడా తెలుస్తుంది. నిన్నటికంటే పెరిగి, బిడ్డ తెల్లబడితే మరి ఆలోచించకూడదు.

మా వృత్తిలోవాళ్ళకు కూడా ఒక మనవి. పరీక్షశాలకు రక్తం వచ్చేసరికి జబ్బు చాలాదూరం నడిచి వుంటుంది. అంతకుముందే దాన్ని చూసేది ఇంట్లోవాళ్ళు. "ఎడమపక్క గట్టిపడింది, నిన్న లేదు" అని ఒక తల్లి చెబితే, అది రోగిని చూసినవాళ్ళలో మొదటివాళ్ళు ఇచ్చిన రిపోర్టు. ముందు దాన్ని చీటీ మీద రాసుకుని, ఆ తర్వాత మన చెయ్యి పెట్టి చూడాలి.